తొమ్మిదో నంబరు చెప్పులు

"మీ ఇంగ్లీషు మేడమ్ పోయిందటే" అంది రైల్వే అక్క ఫోన్లో. అయ్యో అనేంత వ్యవధైనా ఇవ్వలేదు మహాతల్లి. ఊపిరి తిప్పుకోకుండా అడిగేసింది, "ఇంతకీ ఆవిడ గుమ్మం ముందు మగచెప్పులు ఎవరివో తేలిందా చివరికి?"

నాకు ఒళ్ళు మండిపోయింది. సూరత్ వదిలి మేం కరీంనగర్ వచ్చేశాం. ఆమె రిటైరైన భర్తతో రాజమండ్రి చేరింది. ఎన్నేళ్ళు గడిచిపోయాయి! మనిషి బూడిదైపోయినా ఈమె ధ్యాస ఇంకా ఆ చెప్పుల మీదే ఉంది. "పొయ్యి మీద పాలు పొంగుతున్నయక్కా" అని పెట్టేశాను. పాలూ లేవు, గీలూ లేవు. సోఫాలో కూలబడ్డాను. కోపం దిగాక సిగ్గేసింది. ఆ చెప్పుల సంగతి మొట్టమొదట మోసుకెళ్ళి ఆమె చెవిలో వేసింది నేనే కదా.

రెండువేల నాలుగో, అయిదో. మా ఆయనకు బ్యాంకులో బదిలీ అయి సూరత్ వెళ్ళాం. ఆల్థాన్‌లో నాలుగంతస్తుల బిల్డింగ్. మాది రెండో అంతస్తు. కింద రైల్వే అక్క. వాళ్ళాయన రైల్వేలో చేసేవాడు కాబట్టి ఆ పేరు. మూడో అంతస్తులో మేడమ్. బిల్డింగ్ మొత్తానికి తెలుగు మాట వినపడేది ఈ మూడిళ్ళలోనే. మిగతా అంతా గుజరాతీవాళ్ళు, సాయంత్రమైతే పార్కింగ్‌లో ఉయ్యాల మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళని చూసేవాళ్ళు.

మేడమ్ ట్యూషన్లు చెప్పుకుని బతికేది. పొద్దున గుజరాతీ పిల్లలు, సాయంత్రం కాలేజీ అమ్మాయిలు. మధ్యాహ్నం రెండింటికి నేను. నాకేం పుట్టిందో ఏమో, డిగ్రీ దాకా తెలుగు మీడియం చదివినదాన్ని, పోస్టులో ఇంగ్లీషు ఎమ్మే కట్టాను. పుస్తకాలు వచ్చాక తెరిచి చూస్తే కళ్ళు తిరిగాయి. "పైన మేడమ్ ఉంది కదా, పోయి అడుగు" అన్నారు మా ఆయన. పోయాను.

మొదటిరోజే ఆమె నన్ను చూసిన దానికంటే నేను ఆమెను ఎక్కువ చూశాను. నలభై అయిదేళ్ళుంటాయి. కాళ్ళకు మెట్టెలున్నాయి. మెడలో నల్లపూసలు లేవు. ఇక చూసుకోండి. మన ఆడవాళ్ళకు ఈ రెండు ముక్కలు చాలవూ, నెలరోజులు వంట చేసుకోవడానికి? ఆమె తెలుగు ఏ ఊరిదో కూడా పట్టుబడేది కాదు. ఒక మాట గోదావరి వైపుది, ఇంకో మాట అచ్చం హైదరాబాదుది.

"ఏ ఊరు మేడమ్ మీది?" అన్నాను.

"సూరత్."

"అది కాదు మేడమ్, సొంతూరు."

"అద్దె కడుతున్న ఊరే సొంతూరమ్మా. పుస్తకం తియ్యి."

పుస్తకం తీశాను గానీ మనసు పుస్తకం మీద లేదు.

గుమ్మం బయట, తలుపుకు ఎడమవైపు, ఒక జత మగచెప్పులుండేవి. గోధుమ రంగు తోలువి, పెద్దవి. లోపల చూస్తే మగవాడి జాడ ఏమీ లేదు. దండెం మీద చొక్కా లేదు, బాత్రూమ్‌లో గడ్డం గీసుకునే బ్రష్ లేదు. ఆ సాకూ ఈ సాకూ చెప్పి అన్నీ చూశాను లెండి. ఒకరోజు ఆ చెప్పుల ముక్కులు గుమ్మం వైపుండేవి, ఇంకోరోజు మెట్ల వైపు తిరిగుండేవి. ఈ సంగతి కనిపెట్టింది రైల్వే అక్క. "లోపలికొచ్చినవాడి చెప్పులు అటు చూస్తాయి, పోబోయేవాడి చెప్పులు ఇటు చూస్తాయి. అంతమాత్రం తెలీదా నాకు?" అనేది. డిటెక్టివ్ కావాల్సిన మనిషి, వంటింట్లో పప్పు రుబ్బుకుంటూ ఉండిపోయింది పాపం.

మేడమ్ కూర్చుని పాఠం చెప్పేది కాదు. స్టీలు గ్లాసులో పాలు లేని టీ పోసుకుని కిటికీ దగ్గర నిలబడేది. పేజీ గుర్తుకి జడలోంచి పిన్ను తీసి పెట్టేది, పాఠం అయ్యేసరికి జడ సగం ఊడిపోయేది. రింగ్ రోడ్ మార్కెట్‌లో చీరల డబ్బాల మీద వచ్చే మెరుపు కాగితాలుంటాయి చూడండి, వాటితో పుస్తకాలకు అట్టలు వేసేది. ఎంత గంభీరమైన పుస్తకమైనా ఆమె చేతిలోకి వస్తే దాని మీద ఒక గులాబీ చీర పిల్ల నడుం మీద చెయ్యి పెట్టుకుని నవ్వుతూ నిలబడేది. నాకు నవ్వాగేది కాదు. ఆమె మాత్రం నవ్వేది కాదు.

ఆ ఏడాది నాకు ఒక పేపర్లో రెండు పుస్తకాలు పోల్చి రాయాల్సి వచ్చింది. ఒకటి నవల, ఒకటి నాటకం. రెండూ సముద్రాల అవతల, పాతకాలంలో, నవ్వుకీ ఆటకీ కూడా పాపం అంటుతుందని భయపడే కటిక నిష్ఠ జనం కట్టుకున్న ఊళ్ళ కథలు. తప్పు చేసిందని ఒక మనిషిని ఊరంతా వేలెత్తి చూపడం, పేరు పోవడం, పోయిన పేరుతో బతకడం. నేను రెండూ చదివి, కథలన్నీ కలిపేసుకుని, తల పట్టుకుని పైకి పోయాను.

"ఇంత చిన్నదానికి ఏడుపెందుకు?" అంది మేడమ్. "నవల్లో తప్పు జరిగింది. చేసినామే కాదనలేదు. నాటకంలో అసలు జరగనేలేదు, అంతా పుట్టించిందే. అవునా?"

"అవును మేడమ్."

"మరి ఊరు ఏం చేసింది రెండింట్లో?"

ఆలోచించాను. "ఒకటే చేసింది మేడమ్."

"అదే నీ జవాబు. జరిగినా అదే చేసింది, జరగకపోయినా అదే చేసింది. అంటే ఊరికి తప్పుతో పనిలేదన్నమాట. ఇక ఊరికి కావాల్సిందేమిటో వెతికి రాయి. నేను చెప్పను."

ఇంకో అలవాటుండేది ఆమెకి. గుంపు వచ్చే ఘట్టం ఏది చదివినా పిన్ను పెట్టి పుస్తకం మూసి, "నువ్వెక్కడ నిలబడ్డావు?" అని అడిగేది. కాలేజీ అమ్మాయిలైనా, నేనైనా, అందరిదీ ఒకటే జవాబు. "ఆమె పక్కన మేడమ్." అప్పుడు మాత్రం నవ్వేది. "అందరూ ఆమె పక్కనే నిలబడితే మరి రాళ్ళు పట్టుకున్నదెవరే?"

ఎంత మంచి పాఠం! మెదడున్నదైతే ఇంటికొచ్చి రాసుకునేది. నేనేం చేశానో తెలుసా? తిన్నగా కిందికి దిగి రైల్వే అక్క వంటింట్లో పీట మీద కూర్చుని, "అక్కా, ఆమె మాటలు చూస్తుంటే తన గురించే చెప్తున్నట్టుంది" అన్నాను. నవల్లో తప్పు జరిగింది, నాటకంలో జరగలేదు అని విడమరిచి చెప్పాను. అక్కకి తెగ నచ్చింది. ఆ రోజు నుంచి మా ఇద్దరికీ అదొక పరిభాష అయిపోయింది. కూరగాయల బండి దగ్గర ఎదురుపడితే చాలు, "ఏమంటావే, నవలా? నాటకమా?" అనేది కన్ను గీటి.

"నాటకమే అయ్యుంటదక్కా."

"నిప్పు లేనిదే పొగ రాదే పిచ్చిదానా. నవలే."

ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. పుస్తకం చదవకుండా మనిషిని చదువుతున్నాననే తెలివి కూడా ఉండేది కాదు నాకు. ఆమె ఏ మాటన్నా దాని కింద ఇంకో మాట వెతికేదాన్ని. ఫోన్ మోగితే చెవులు రిక్కించేదాన్ని. ఆదివారం మధ్యాహ్నాలు తలుపు వేసుకుని ఉండేది. ట్యూషన్ ఉన్నప్పుడు బార్లా తెరిచి ఉండే తలుపు ఆదివారం ఎందుకు మూసి ఉంటుందని ఇద్దరం తెగ చర్చించేవాళ్ళం. ఆదివారం ఎవరి తలుపు వాళ్ళు వేసుకుని పడుకుంటారన్న ముక్క ఒక్కరికీ తట్టలేదు. అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా?

వానాకాలం వచ్చింది. ఒక ఆదివారం, వాన అప్పుడే వెలిసింది. నోట్సు తిరిగిద్దామని పైకి పోయాను. తలుపు వేసి ఉంది. గుమ్మం పక్కన చెప్పులు తడిసి ఉన్నాయి. నల్లమట్టి అంటుకుని, కింద చిన్న మడుగు కట్టింది. మెట్ల మీద చినుకు పడే వీలే లేదు, పైన స్లాబు ఉంది. అంటే ఆ చెప్పులు వేసుకుని ఎవరో వానలో నడిచి వచ్చారు. ఇప్పుడే వచ్చారు. లోపలే ఉన్నారు.

బెల్లు కొడితే అయిపోయేది. చెయ్యి బెల్లు దాకా పోయింది కూడా. కొట్టలేదు. పిల్లిలా మెట్లు దిగి రైల్వే అక్క తలుపు కొట్టాను.

"అక్కా, తడిసి ఉన్నయ్" అన్నాను.

అంతే. రెండు మాటలు. ఎవరివని గానీ, ఏమిటని గానీ ఆమె అడగలేదు. నోటి మీద చెయ్యి పెట్టుకుని, "నవలే" అంది.

మూడు రోజుల్లో బిల్డింగ్ అంతా పాకింది. అక్కకి గుజరాతీ రాదు. అయినా ఎలా చెప్పిందో ఏమో, చెప్పుకోవాల్సిన మాటకు భాష అడ్డం రాదనుకుంటాను. పొద్దున ట్యూషన్‌కు వచ్చే పిల్లలు ఆరుగురల్లా ఇద్దరయ్యారు. మేడమ్ ఎవర్నీ ఏమీ అడగలేదు. నాకు మాత్రం ఎప్పటిలాగే రెండింటికి పాఠం చెప్పింది. నేను ఎప్పటిలాగే గుమ్మం దగ్గర చెప్పుల్ని ఒకసారి చూసి లోపలికి పోయాను.

అక్కడ అద్దె ఇల్లంటే పదకొండు నెలల కాగితం. పదకొండు నెలలు కాగానే మళ్ళీ రాసుకోవాలి, దానికి బిల్డింగ్ సొసైటీ పెద్ద సరేననాలి. ప్రముఖ్ అంటారు ఆయన్ని. పెద్దమనిషి, ఎవర్నీ పల్లెత్తు మాట అనడు. అయితే ఒంటరి మనిషి, బయటి మనిషి ఉంటే ఒక ఆచారముంది. వాళ్ళ తరఫువాళ్ళు ఎవరో ఒకరు 'మావాళ్ళే' అనాలి. కాగితమేమీ అక్కర్లేదు, నోటిమాట చాలు. మేం దిగినప్పుడు కూడా రైల్వే అక్కావాళ్ళు "హమారే లోగ్ హై" అన్నాకే తాళం చేతికిచ్చారు. అంతకుముందు అక్క మా మొహం చూసి ఎరగదు. తెలుగువాళ్ళమని తెలిసి అనేసింది.

ఒక సాయంత్రం మేం కూరగాయలు తెచ్చుకుని వస్తుంటే ప్రముఖ్ ఉయ్యాల ఆపి పిలిచాడు.

"బహెన్‌జీ, వో టీచర్ బహెన్ ఆప్‌కే లోగ్ హై నా?" అన్నాడు. కాగితం రాసుకునే వేళ వచ్చింది, నాలుగు రకాలుగా అనుకుంటున్నారు, మీరొక మాటంటే సంతకం పెట్టేస్తాను అని ఎంతో మర్యాదగా చెప్పాడు. మా ఆయన నా వైపు చూశారు. ఆమె దగ్గర చదువుకునేది నేనే కదా.

'హా' అంటే చాలు. ఒక్క అక్షరం. నేను సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాను.

"హమ్‌కో ఇత్నా మాలూమ్ నహీ" అన్నాను. మాకు అంతగా తెలియదు.

ప్రముఖ్ తలూపి మళ్ళీ ఉయ్యాల ఊగాడు. మెట్లెక్కుతూ మా ఆయన, "గట్లన్నవేంది? జర ఆలోచించకపోయినవా?" అన్నారు. విరుచుకుపడ్డాను. "నేనేం అబద్ధం చెప్పిన? ఆమె ఊరు తెలుసా నాకు? మొగుడెవడో తెలుసా? రేపు ఏమన్నా అయితే మన పేరు పోదా?" నిజంగానే అందులో ఒక్క అబద్ధం లేదు. అబద్ధమైతే ఎవరైనా నిలదీసి కడిగేవాళ్ళు. ఇది నిజం కాబట్టి నన్నెవరూ ఏమీ అనలేదు, మేడమ్ ఇల్లు మాత్రం పోయింది.

ఆ రాత్రి ఇంత తిని పడుకున్నదాన్ని మర్నాడు పొద్దున్నే లేచి ఆ రెండు పుస్తకాల మీద జవాబు రాశాను. పదహారు పేజీలు! ఎక్కడినుంచి వచ్చిందో ఆ ఇంగ్లీషు. ఊరికి కావాల్సింది తప్పు కాదు, తమ పేరు భద్రంగా ఉండటమని రాశాను. దొంగసాక్ష్యం చెప్పినవాడికంటే, తెలిసీ నోరు మూసుకున్న మంచివాళ్ళే ఎక్కువ ద్రోహం చేశారని రాశాను. సిగ్గు లేకుండా రాశాను. రాస్తుంటే కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి, ఆ పుస్తకాల్లో మనుషుల కోసం.

రెండింటికి తీసుకుపోయి ఇచ్చాను. మేడమ్ కిటికీ దగ్గర నిలబడి మొత్తం చదివింది. టీ చల్లారిపోయింది. పెన్సిల్‌తో రెండు స్పెల్లింగులు దిద్దింది.

"బాగా రాశావమ్మా. పరీక్షలో ఇలాగే రాయి, ఫస్ట్ క్లాస్ వస్తుంది."

నేను ఆమె మొహంలోకి చూశాను, గొంతులో ఎత్తిపొడుపేమైనా ఉందేమోనని. ఆ అలవాటు పోలేదు కదా. ఏమీ దొరకలేదు. ఆ తర్వాత, టీ గ్లాసు కడుగుతూ, అటు తిరిగి చెప్పింది.

"నెలాఖరుకు ఖాళీ చేయమన్నాడు ప్రముఖ్. నీ తరఫువాళ్ళే తెలియదంటున్నారు, నేనేం చేయను అన్నాడు. నా తరఫువాళ్ళు ఎవరండీ అనడిగాను."

నేను కాగితాలు సర్దుకున్నాను.

"చెప్పాడులే" అంది. గ్లాసు బోర్లించి చేతులు తుడుచుకుంది. "సిలబస్‌లో ఇంకా రెండు పాఠాలున్నాయి. ఈలోగా పూర్తి చేద్దాం, రోజూ వచ్చెయ్యి."

రోజూ పోయాను. పోకపోతే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని పోయాను. రెండు పాఠాలూ చెప్పింది. ఒక్కరోజు కూడా ఆ ఊసెత్తలేదు. తిడితే బాగుండునని నేను ఎదురుచూసేదాన్ని. తిడితే నాకూ ఎదురు తిరిగే వీలుండేది.

సామాను కట్టుకునే రోజు చిన్న టెంపో వచ్చింది. పుస్తకాల మూటలు కిందికి చేరవేస్తున్నాను. ఆఖరికి గుమ్మం పక్కన ఆ చెప్పులు మిగిలాయి. ఇక ఆగలేకపోయాను.

"మేడమ్, ఇవి ఎవరివి?"

"నావే." ఆమెకి ఆశ్చర్యమేసినట్టుంది. "ఒంటరిగా మొదటి గది తీసుకున్నప్పుడు స్టేషన్ దగ్గర ఫుట్‌పాత్ మీద కొన్నాను. తొమ్మిదో నంబరు. లోపల మగమనిషి ఉన్నాడనుకుని దొంగలు రారని ఎవరో చెప్పారు. ఊరికే పెడితే దుమ్ము పడుతుంది. దుమ్ము చూస్తే దొంగకి తెలిసిపోదూ? అందుకని రోజూ ఇటూ అటూ తిప్పుతాను. వాన పడితే వేసుకుని కిందికి పోయి నాలుగడుగులు తిరిగొస్తాను." నవ్వింది. "ఇన్నేళ్ళలో ఒక్క దొంగ రాలేదమ్మా."

నిజం చెప్పాలా? అప్పుడు కూడా నా కళ్ళు ఆమె పాదాల మీదికే పోయాయి. అయిదో నంబరు పాదాలు. తొమ్మిదో నంబరు వేసుకుని మూడంతస్తులు దిగగలదా అని కొలిచాను. ఛీ, ఏం మనిషిని! కొలుస్తూనే ఇంకో మాట కూడా అడిగాను.

"మరి మెట్టెలు మేడమ్?"

"అది సిలబస్‌లో లేదు" అంది, టెంపో ఎక్కుతూ.

రిజల్ట్ వచ్చేసరికి చలికాలం. ఆ పేపర్లో అందరికంటే ఎక్కువ మార్కులు, నాకే. మా ఆయన స్వీట్లు పంచుతానంటే వద్దన్నాను. వారం రోజులు గింజుకున్నాను. ట్యూషన్ అమ్మాయి ఒకతి చెప్పింది, మేడమ్ సూరత్ అవతల ఇచ్ఛాపూర్‌లో ఉంటోందని. ఒక మిఠాయి డబ్బా కొనుక్కుని, ఏం మాట్లాడాలో దారిపొడవునా వల్లె వేసుకుంటూ ఆటోలో బయల్దేరాను. తప్పయిపోయింది మేడమ్ అనాలి. నేనే చెప్పాను, తడిసి ఉన్నాయని నేనే మోశాను అనాలి. ఆ సంగతి ఆమెకి తెలియదు కదా.

ఫ్యాక్టరీల వెనక వరస గదులు. అంతా మన దిక్కువాళ్ళే, జగిత్యాల, సిరిసిల్ల నుంచి వచ్చిన పనివాళ్ళు. నల్లా దగ్గర బిందె నింపుతున్న ఒకామె నన్ను ఎగాదిగా చూసింది. నా చీర చూసింది, డబ్బా చూసింది. బిందె అక్కడే వదిలేసి వచ్చి దారికడ్డంగా నిలబడింది.

"ఎవలు గావాలె?"

"ఇంగ్లీషు మేడమ్..."

"ఎందుకు?"

"నేను ఆమె దగ్గర చదువుకున్న."

"ఏడికెల్లి అచ్చినవ్?"

"ఆల్థాన్."

ఆ పేరు వినగానే ఆమె మొహం గట్టిపడింది. "ఆల్థానా? గాడనే గద మేడమ్‌ను మస్తు సతాయించింది? ఆమె మా పోరగాండ్లకు చదువు చెప్తది. ఊకె ఎవలు వడితె వాళ్ళు అస్తె మేం లోపటికి పంపం. నువ్వేమైతవ్ ఆమెకు?"

ఏమవుతాను? అంత దారి పొడవునా వల్లె వేసుకున్న మాటల్లో దీనికి జవాబు లేదు. డబ్బా ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాను. నల్లా దగ్గర ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు బిందెలు పెట్టి నన్నే చూస్తున్నారు.

లోపలినుంచి గొంతు వినిపించింది. "ఎవరు లచ్చవ్వా?"

"ఎవలో ఆల్థాన్ నుంచి అచ్చింది మేడమ్. మీకు ఎరుకేనా?"

మేడమ్ గుమ్మంలోకి వచ్చింది. చేతిలో పుస్తకం ఉంది. నన్ను చూసింది.

"ఎరుకే లచ్చవ్వా" అంది. "మనోళ్ళే. రానియ్యి."

లచ్చవ్వ వెంటనే పక్కకు జరిగింది. నాకే కాళ్ళు రాలేదు.